గణకయంత్రంలో దళం

హైదరాబాదు

మావయ్యకు, మేనకోడలు సాహిత్య వంగి దణ్ణం పెట్టి రాస్తున్నది.

నువ్వు ఫోను ముట్టుకోవు. ఉత్తరంలో ఇంగ్లీషు ముక్క కనిపిస్తే పొయ్యిలో వేస్తానని బెదిరించావు. అందుకే నిఘంటువు పక్కన పెట్టుకుని శుద్ధమైన తెలుగులో రాస్తున్నాను.

శుభవార్త మావయ్యా! నేను సైనికానుకరణలో దళ నాయకురాలినయ్యాను. సాయంత్రం గణకయంత్రం ముందు కూర్చుంటే చాలు, అడవి వచ్చేస్తుంది. నా కింద ఎనిమిదిమంది. ఇరుకు దారి అయితే చీమలబారులా నడుస్తాం. బయలు రాగానే బాణం ములుకులా విచ్చుకుంటాం, మొనలో నేను. సగంమంది కదులుతుంటే మిగతా సగం నేలకు అతుక్కుని కాపు కాస్తారు. ఒక్క దెబ్బకు ఇద్దరు దొరక్కుండా ఎడం పాటిస్తాం. చూడ్డానికి ఎంత బాగుంటుందో! నాట్లు వేసేవాళ్ల వరుస కదిలినట్టే ఉంటుంది.

వచ్చే నెల బెంగళూరులో పెద్ద పోరు. దేశంలోని దళాలన్నీ వస్తాయి. నువ్వు సరేనంటేనే పంపుతానని అమ్మ అంటోంది. సరేనను, నా బంగారు మావయ్యవు కదా.

నీ సాహిత్య

తా.క. నిన్న మూడుసార్లు చచ్చిపోయాను. ఆకలి మాత్రం బాగానే వేస్తోంది.

*

బూర్గంపాడు

చిరంజీవి సాహిత్యను మావయ్య వెంకటప్పయ్య దీవించి, తలుపు గడియ పెట్టి రాయునది.

తల్లీ, నీ ఉత్తరం చదివి నాకు చెమటలు పట్టాయి. దళం అనే మాట మా వైపు ఎవరూ గట్టిగా అనరు. అడవి పక్కన బతికేవాళ్లం, మాకు ఆ మాటకు అర్థం ఒక్కటే. లక్షణంగా ఇంజనీరింగ్ చదువుకుంటున్నదానివి, అన్నల్లో కలిశావా? ఆ ఆయుధాలు ఎక్కడివి? అసలు ఆ గణకయంత్రం ఎక్కడుంది? మా పక్క చేను గోపాలుకు భద్రాచలం అవతలి అడవంతా తెలుసు. మాటవరసకు అడిగినట్టు అడిగితే, "గా పేరుతోటి గుట్ట లేదు, వాగు లేదు. ఛత్తీస్‌గఢ్ దిక్కు ఉన్నదేమో" అన్నాడు.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. నీ నడక పద్ధతి అద్భుతం. మొన్న మొక్కజొన్నలో అడవిపందులు పడ్డాయి. కర్రలు పట్టుకుని నువ్వు రాసినట్టే బాణం ములుకులా వెళ్లాం. ఎప్పుడూ మమ్మల్ని తరిమే పందులు ఈసారి తోక ముడిచాయి. గోపాలు భార్య ముత్తక్క నోరు తెరుచుకుని చూసి, "గిట్ల నడుసుడు ఎవరు నేర్పిండ్రు?" అంది. మా మేనకోడలు అనబోయి నాలుక కరుచుకున్నాను. గర్వంగా ఉంది, దడగానూ ఉంది.

బెంగళూరు మాట ఎత్తకు. బుద్ధిగా లొంగిపో. ఇక్కడ ఒక పెద్దమనిషి ఉన్నాడు, నీ గురించి నేను మాట్లాడి పెడతాను.

భయంతో, మీ మావయ్య

తా.క. దళానికి వంట ఎవరు చేస్తున్నారని మీ అత్త అడగమంది. నువ్వే అయితే మిగతావాళ్లు ఈపాటికి లొంగిపోయి ఉండేవాళ్లని ఆవిడ అభిప్రాయం.

*

హైదరాబాదు

మావయ్యకు సాహిత్య, అలిగి కూడా దణ్ణం మానకుండా రాస్తున్నది.

పోరుకు ముందే లొంగిపొమ్మంటావా? మా దళానికి ఆ అలవాటు లేదు. అన్నల్లో కలిశావా అని అడిగావు. అన్నలు ఇద్దరే, మిగతావాళ్లు తమ్ముళ్లు. అయినా అందరూ నన్ను అక్కా అనే పిలుస్తారు. ఒకరి ముఖం ఒకరం చూడలేదు, అందరివీ మారుపేర్లే.

పందుల సంగతి చదివి గంతులేశాను. ఒక్క లోపం: అందరూ ముందుకే చూశారు కదూ? చివరి మనిషి వెనక్కి చూడాలి. గోపాలు మామకు చెప్పు.

నిజం చెప్పనా? కళాశాలలో నేను నోరు విప్పితే ఎవరూ వినరు. గొంతు చిన్నదంటారు. దళంలో ఆ గొంతుకే ఎనిమిదిమంది కదులుతారు. బెంగళూరు రాకపోతే నా జాగా ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్లీ మూల కూర్చునే పిల్లనవడం నా వల్ల కాదు మావయ్యా. ఆ పెద్దమనిషితో గట్టిగా మాట్లాడు.

నీ మీదే ఆశ పెట్టుకున్న సాహిత్య

తా.క. ఆయుధాలు పుట్టినరోజుకు నాన్న ఇచ్చిన డబ్బుతో కొన్నాను. నా తుపాకీకి గులాబీ రంగు వేయించి, మీద నెమలి బొమ్మ పెట్టించాను.

*

బూర్గంపాడు

సాహిత్యకు మావయ్య ఒంటి చెప్పుతో నిలబడి ఇస్తున్న ఆశీస్సులు.

నేను చెప్పిన పెద్దమనిషి పోలీసు స్టేషనుకు కొత్తగా వచ్చిన ఎస్సై సంతోష్. నీ ఉత్తరాలు రెండూ ఆయన ముందు పెట్టి, "పిల్ల తెలియక చేరింది, లొంగిపోతుంది, మీరే కాపాడాలి" అన్నాను. ఆయన చదువుతూ చదువుతూ గులాబీ తుపాకీ దగ్గరకు రాగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అక్క మీ మేనకోడలా సార్? నేను గా దళంలనే ఉన్న!"

ఇంక అక్కడ నిలబడతానా? పోలీసులు కూడా కలిసిపోయారనుకుని పరిగెత్తాను. ఒక చెప్పు ఎక్కడో జారిపోయింది. ఆయన బండి మీద వెంటపడి, "ఆగుండ్రి సార్! గది ఆట! కంప్యూటర్ల ఆడే ఆట!" అని అరుస్తుంటే బజారంతా నిలబడి చూసింది. గణకయంత్రమంటే కంప్యూటరా! ఇక నుంచి ఇంగ్లీషులోనే రాయి తల్లీ, చచ్చినట్టు చదువుకుంటాను.

ఆదివారం సంతోష్ వాళ్లింట్లో నా చెవులకు ఏవో తగిలించి మీ ఆట చూపించాడు. నేనున్నానని నీకు తెలియదు. నీ దళం వాగు దాటుతోంది, నాలుగు వైపుల నుంచీ కాల్పులు. నేను కుర్చీ కిందికి దూరబోయాను. నీ గొంతులో కంగారు లేదు, కేక లేదు. "ఎడమవైపు వాళ్లు ఆగండి. దెబ్బ తిన్నవాడు లేచేదాకా కదలం" అన్నావు. అంతే, అందరూ ఆగారు. యూనిఫాం వేసుకుంటే మండలాన్ని గడగడలాడించే ఎస్సై, లుంగీలో కూర్చుని, "అట్లనే అక్కా" అన్నాడు.

నా కళ్లు చెమ్మగిల్లాయమ్మా. నీ గొంతు చిన్నదన్నవాళ్లు నీ మాట ఎప్పుడూ విననే లేదు. నేనూ విన్నది మొన్ననే. బెంగళూరు వెళ్లు. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

నీ దళంలో చివరి మనిషి, వెంకటప్పయ్య

తా.క. సంతోష్ సెలవు కోసం పైఅధికారికి ఫోను చేసి, "సార్, మా దళం బెంగళూరు పోతుంది, నేను గూడ పోవాలె" అన్నాడట. దళం మాట వినగానే స్టేషనుకు రెండు జీపుల పోలీసులు దిగి, ఆయన బల్ల మీద నీ ఉత్తరాలు చూశారు. గణకయంత్రం అంటే ఏమిటో చెప్పడానికి నన్ను రమ్మన్నారు. ఎందుకైనా మంచిదని మీ అత్త నాలుగు జతల బట్టలు సర్ది ఇచ్చింది.