బావగారి కొండ

బావగారికి,

నా కొండ ఫొటోకి మీ పేరుమీద మొదటి బహుమతి వచ్చిందని అక్క చెప్పింది. సంతోషం. ఏడేళ్లుగా నా ఫొటోల కింద మీ సంతకమే కదా. "ప్రయోగాలు నీకెందుకు మరదలా, కొండని కొండలా తియ్యి" అనేవారు. ఈసారి మీ మాట వినలేదు. మీరు కాజేస్తారని తెలిసే ఆ ప్రింటు మీ స్టూడియో బల్ల మీద వదిలాను.

అది కొండ కాదు, చెరువులో కొండ నీడ. ప్రింటును తలకిందులు చేశాను. మీరు మబ్బులనుకున్నవి అలలు.

రేపు సభలో "ఎక్కడ నిలబడి తీశారు?" అని తప్పక అడుగుతారు. నెగెటివ్ పట్టుకుని ముందు వరుసలోనే ఉంటాను. అక్కను మాత్రం తీసుకురాకండి, పాపం. అందరి ముందూ మీరు నీళ్లు నములుతారు. నేను ఫొటో తీసిందీ నీళ్లనే.

మీ మరదలు