బీరువాలో దాచిన ఉప్పాడ చీర

ఆగస్టు 12, మంగళవారం

మేనకోడలు సుజాత ఫోన్ చేసింది. దాని మోకాలు, వాళ్లాయన షుగరు, పాప దగ్గు వరసగా అడిగాను. అందరూ కులాసాయేనట. ఇంటర్నెట్‌లో అది పెట్టిన చీరల కొట్టు సంగతే అడగలేదు. అదే ఎత్తింది.

“అత్తా, మీ వీధిలో ఒక్కరూ కొనలేదు. చీరలు బాగోవని నువ్వే అన్నావట!”

బాగున్నాయంటే దిష్టి తగులుతుందని, అడిగినవాళ్లందరితో “ఏదోలెండి, అంతంతమాత్రం” అన్నాను. నేను కొన్నది కూడా కట్టకుండా బీరువాలో దాచాను. ఆ మాటే చెప్పాను.

“కొనేవాళ్లుంటే కదత్తా దిష్టి తగలడానికి!” అని నవ్వింది. నాకు తల తీసేసినట్టయింది.

ఆ చీరే కట్టుకుని మా వీధిలో శ్రావణమాసం పేరంటానికి వెళ్లాలి. ఎవరి దగ్గర కొన్నానో నా నోటితోనే అందరికీ చెప్పాలి. దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు పక్కన పెట్టాను. సుజాత కూడా వస్తానంది, పదిహేనో తారీకు శుక్రవారం.