జర్మనీకి వెళ్లే ఉత్తరంలో మొదటి వాక్యం

కిట్టూ, అక్కను.

నీకు మూలకణాలు ఇచ్చిన జర్మనీ మనిషి గురువారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు నీ క్షేమం అడిగాడు. నువ్వు పోయి అప్పటికి ఏడు నెలల మూడు రోజులు.

అడిగింది నేరుగా కాదు. అతను ఒక కార్డు రాసి దాతల రిజిస్ట్రీకి పంపితే, వాళ్లు ఆసుపత్రికి పంపారు. అక్కడి కోఆర్డినేటర్ దాన్ని స్వాతికి మెయిల్ చేసింది. రెండేళ్లు నిండేదాకా ఇచ్చినవాళ్ల పేరు పుచ్చుకున్నవాళ్లకు, వీళ్ల పేరు వాళ్లకు చెప్పరు కదా. అక్టోబరుతో రెండేళ్లు నిండాయి. ఇన్నాళ్లూ అతను అడగలేదు, అడగనిదే వాళ్లు చెప్పరు. అందుకే అతని లెక్కలో నువ్వింకా ఉన్నావు.

కార్డులో నాలుగు వాక్యాలు. తను బాగున్నాడట. నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాడట. ఇచ్చినందుకు తనకేమీ కాలేదు, ఆ బెంగ పెట్టుకోవద్దన్నాడు. వీలైతే ఒక మాట రాయమన్నాడు. ఒక్క ముక్కకే నిఘంటువు చూశాను. మిగతాది చదవగానే అర్థమైంది.

అవును, నేను జర్మన్ నేర్చుకుంటున్నాను. నీకు నవ్వొస్తుందని తెలుసు.

"థ్యాంక్స్ చెప్పేది ఆయన భాషలోనే అక్కా. మధ్యలో ఇంకెవరో తర్జుమా చేస్తే అది వాళ్ల థ్యాంక్స్ అయిపోతుంది" అని శనివారం క్లాసులో చేరావు. జబ్బు తిరగబెట్టేసరికి ఐదో పాఠంలో ఆగావు. జూన్‌లో నీ పుస్తకం పట్టుకుని అదే క్లాసుకు వెళ్లాను. ఐదో పాఠం దాకా నువ్వు తోడున్నావు. గడియారాల బొమ్మల పేజీలో పెన్సిల్‌తో రాసుకున్నావు గుర్తుందా... "వీళ్లకు టైమంటే భక్తి. జాగ్రత్త." ఆరో పాఠం నుంచి పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. ఆ పాఠం మొదలైన రోజు క్లాసులో నేనూ ఏమీ రాసుకోలేదు.

ఆసుపత్రివాళ్లు రెండు దారులు చెప్పారు. వాళ్లే ఒక్క లైనులో సమాచారం పంపుతారు, లేదా మనం ఉత్తరం రాయొచ్చు. రెండేళ్లు నిండినా మొదటి ఉత్తరంలో మాత్రం పేర్లు, ఊరు, ఆసుపత్రి ఉండకూడదు. స్వాతి శుక్రవారం ఫారం మీద సంతకం పెట్టింది. "రాసేది మీరే వదినా. నాకు చదివి వినిపించండి, చాలు" అంది.

ఇవాళ ఆదివారం. తెల్లవారకముందే మొదలైన డిసెంబరు వాన ఇంకా ఆగలేదు. ఎదురు బ్లాకులో ఎవరూ బట్టలు ఆరేయలేదు. హౌగాంగ్ పేటంతా పడుకుని లేచి మళ్లీ పడుకున్నట్టుంది. స్వాతి గొడుగేసుకుని లిటిల్ ఇండియా బజారుకు కూరగాయలకు వెళ్లింది. నేను మీ ఇంట్లో, కిటికీ పక్క బల్ల దగ్గర, నువ్వు కూర్చునే కుర్చీలో కాకుండా దాని పక్క కుర్చీలో కూర్చున్నాను. పుస్తకం, నిఘంటువు, టీ.

ఇరవై నాలుగేళ్ల రిపోర్టింగ్‌లో ఒక పేజీకి రోజంతా దొరకడం ఇదే మొదటిసారి. నాకు తొందర లేదు. ఒక వాక్యం రాసి, టీ తాగి, వాన చూసి, మళ్లీ ఆ వాక్యం దిద్దాను. నాకు వచ్చిన జర్మన్‌లో విశేషణాలు పది కూడా లేవు. అది ఇబ్బందిగా అనిపించలేదు.

పదకొండుకు చిత్తుప్రతి అయింది. మొదటి వాక్యం: మీ కణాలు పొందిన వ్యక్తి మే నెలలో చనిపోయారు. రెండోది జబ్బు పేరు. మూడోది, మార్పిడి తర్వాత పందొమ్మిది నెలలు జీవించారని. తర్వాత వయసు, ఉద్యోగం, కుటుంబంలో ఎవరెవరు మిగిలారు. చివర్న కృతజ్ఞతలు. తప్పులేమీ కనబడలేదు.

చిన్నీ వచ్చి ఏం రాశావంది. ఇంగ్లీషులో చెప్పాను. నీ కూతురికి పదకొండేళ్లొచ్చాయి కిట్టూ, మొహమాటం మాత్రం రాలేదు. "అత్తా, దిస్ ఈజ్ లైక్ న్యూస్ లా. డాడీ నాకు సైకిల్ నేర్పించింది ఇందులో ఎక్కడుంది?"

ఏ సైకిల్ అన్నాను.

అప్పుడు చెప్పింది. నిరుడు చివర్లో, నాలుగు ఆదివారాలు, ఉదయం ఏడుకు ముందే, కాలవ పక్క దారిలో. నీరసంగా ఉంది, పరిగెత్తొద్దని డాక్టరు చెప్పిన రోజులు అవి. సీటు పట్టుకుని పరిగెత్తేవాడివట. నాలుగో ఆదివారం చేయి వదిలేశావట. చిన్నీ వెనక్కి చూసేసరికి నువ్వు చాలా దూరంలో గట్టు మీద కూర్చుని ఆయాసపడుతూ చేతులూపుతున్నావట. "అత్తకు చెప్పొద్దు, రేపు పేపర్లో వేసేస్తుంది" అన్నావట.

మోకాలి మీద మచ్చ చూపించింది. ఆధారం బాగానే ఉంది. అయినా అలవాటు పోదు కదా... స్వాతికి ఫోన్ చేసి అడిగాను. "మీకు తెలియదా వదినా? ప్యాంటుకు బురదతో వచ్చేవారు, పాల ప్యాకెట్ కోసం వెళ్లానని చెప్పేవారు. నేనూ నమ్మినట్టే ఉన్నాను" అంది. రెండో సాక్ష్యం కూడా దొరికింది. తెలియనిది నాకొక్కదానికే.

ఆ నెలల్లో నేను ఏం చేశాను? ప్రతి రక్తపరీక్ష ఫలితం తేదీలవారీగా రాసి పెట్టాను. ఏ మందు ఎప్పుడు మార్చారో నన్ను అడిగితే ఇప్పటికీ చెప్పగలను. నువ్వు ఆదివారాలు ఏం చేస్తున్నావని మాత్రం అడగలేదు. ఎందుకు అడగలేదు...

నువ్వొకసారి నా వార్త చదివి అన్నావు. "నీ వార్తల్లో పోయినవాళ్లు మొదటి లైన్లో ఉంటారక్కా. బతికినవాళ్లు ఆఖరి పేరాలో ఉంటారు. జాగా చాలకపోతే కోసేసేది దాన్నే కదా?" అవునన్నాను, పద్ధతి అదేనన్నాను. నవ్వావు. ఇవాళ ఆ కాగితం ముందు కూర్చుంటే ఆ మాట గుర్తొచ్చింది.

ఏది ముఖ్యమో ముందు చెప్పాలి. ఆ నియమం ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను. ఎవరికి ముఖ్యం అన్నది చూసుకోలేదు, అంతే. నీ చావు మనకు వార్త. అతనికి కూడా వార్తే. కానీ అతను అడిగింది తనిచ్చింది ఏమైందని.

భోజనం చేసి, అరగంట పడుకుని, లేచి మళ్లీ రాశాను. వాన అలాగే ఉంది. నాలుగున్నరకు పూర్తయింది. ఇప్పుడు ఇలా మొదలవుతుంది: ఒక అమ్మాయికి సైకిల్ తొక్కడం వచ్చు. నేర్పింది ఆమె తండ్రి. మీరిచ్చిన పందొమ్మిది నెలల్లో నేర్పారు.

చావును దాచలేదు. రెండో పేరాలో ఉంది. పక్కనే, జబ్బు తిరగబెట్టడంలో మీ తప్పు లేదని రాశాను. డాక్టరు చెప్పిన మాటే అది. "నాలో ఇప్పుడు జర్మన్ రక్తం అక్కా, ఆలస్యంగా వస్తే ఊరుకోను" అని నువ్వు నర్సులను, నన్ను బెదిరించిన సంగతి కూడా రాశాను. అతను నవ్వుతాడో లేదో తెలియదు.

ఆఖరి పేరా నా గురించి. రాసి కొట్టేసి మళ్లీ రాశాను. నేను అతని అక్కను. మొదట నా రక్తమే పరీక్షించారు. కుదరలేదు. మీది కుదిరింది. అంతే రాశాను. ఫలితం వచ్చిన రోజు నేను ఆసుపత్రి నుంచి నేరుగా ఆఫీసుకు వెళ్లి ఒక వార్త పంపాను, అది అతనికి రాయలేదు. నీకూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు నువ్వు, "నాకు మొహం నీ పోలిక, రక్తమేమో ఇంకొకరిది కావాలి, భలే కాంబినేషన్ అక్కా" అని నవ్వావు. నిజంగా నవ్వావా? నా కోసమా?

ఆ పేరాను ఎవరూ కోయరు. ఈసారి ఎడిటర్ లేడు.

సాయంత్రం స్వాతికి చదివి వినిపించాను, జర్మన్‌లో ఒకసారి, తెలుగులో ఒకసారి. గోంగూర కట్ట విప్పుతూ విన్నది. సైకిల్ దగ్గర ఆకులు కోయడం ఆపింది. అయ్యాక, "పాల ప్యాకెట్ సంగతి కూడా పెట్టండి" అంది. పెట్టాను.

రేపు ఉదయం పదిన్నరకు కోఆర్డినేటర్‌ను కలవాలి. ఉత్తరం ఆమె చదివి, పేర్లేమీ లేవని చూసి పంపిస్తుంది. చిన్నీకి సెలవులు, తనూ వస్తానంది. వాన లేకపోతే రైలు స్టేషన్ దాకా సైకిల్ మీద వస్తుందట, నేను పక్కన నడవాలట. తొమ్మిదిన్నరకు బయల్దేరుతున్నాం.

అక్క