ప్యాకార్డ్ కారు బుడాన్‌కే చెందాలి

ప్రకాశం జిల్లా పర్చూరులో ఉంటున్న మద్దినేని చెంచురామయ్య అనే నేను, డెబ్బై రెండేళ్లవాణ్ణి, ఇష్టపూర్వకంగా రాసిపెడుతున్న వీలునామా ఇది. చూపు మందగించింది గానీ మతి చెడలేదు. పక్కన కూర్చుని రాయిస్తున్నవారు ఎవరూ లేరు. లోగడ నా తమ్ముడు త్యాగరాజు పేరున రాసిన వీలునామాను రద్దు చేస్తున్నాను. దీన్ని అమలు జరపవలసినవారు గుంటూరు వకీలు లక్ష్మీనరసింహం గారు.

1. టాపు మడిచే నా 1938 నాటి ప్యాకార్డ్ కారు షేక్ బుడాన్‌కు చెందాలి. ఉంచుకుంటాడో అమ్ముకుంటాడో అతని ఇష్టం.

కారణం రాయాలి. ఓ జమీందారు షెడ్డులో తుప్పుపట్టిన ఈ కారును 1951లో కొన్నాను. దానికి ప్రాణం పోసింది బుడాన్. ముప్పై నాలుగేళ్లు డ్రైవరూ మెకానిక్కూ అతనే. వాడరేవు సముద్రానికి వెళ్లేటప్పుడల్లా నా భార్య సుబ్బరావమ్మ టాపు తీయించేది. జుట్టంతా రేగినా నవ్వుతూనే ఉండేది.

ఆమె పోయాక, 1985లో, గుంటూరులో నాకు కంటి ఆపరేషను అయింది. కళ్లకు కట్లుండగా త్యాగరాజు వచ్చాడు. "అన్నయ్యా, కారు ఇన్సూరెన్సు కాగితం. ఇక్కడ పెట్టు సంతకం" అని నా వేలు పట్టి చోటు చూపించాడు. నేను చదివించి పెంచినవాడు, పెట్టాను. అది ఇంజను అమ్మకం కాగితమని నాకప్పుడు తెలియదు. నా సంతకం చూసి బుడాన్ తన చేతులతోనే ఇంజను విప్పి ఇచ్చాడు. నేను ఇల్లు చేరేసరికి కారులో జీపు ఇంజను ఉంది. "బుడాన్ విప్పి అమ్ముకున్నాడు, ఊరంతా చూసింది" అన్నాడు తమ్ముడు. పొగాకు గ్రేడింగు షెడ్డులో, కూలీలందరి ముందు, బుడాన్‌ను దొంగ అని వెళ్లగొట్టాను.

ఈ వేసవిలో ఇంజను కొన్న బొంబాయి ఆసామి కారు కంపెనీవాళ్ల ఇంజను పుస్తకం కావాలని ఉత్తరం రాస్తూ, అమ్మకం కాగితం నకలు జతచేశాడు. గుంటూరులో బుడాన్ పనిచేసే లారీ షెడ్డుకు వెళ్లాను. ఆ రోజే ఎందుకు చెప్పలేదన్నాను.

"మీరు అడగలేదండీ. దొంగన్నారంతే" అని, మళ్లీ లారీ కిందికి దూరాడు.

2. చెరువు కింద రెండెకరాలు అమ్మి పాత ఇంజను తిరిగి కొని బుడాన్‌కు ఇవ్వాలి. బొంబాయి ఆసామి ఒప్పుకున్నాడు.

3. జీపు ఇంజను త్యాగరాజుది. ఊడదీసి అతని గుమ్మం ముందు దించాలి. నా ఆస్తిలో అతనికి మరేమీ లేదు.

4. ఇల్లూ మిగతా పొలమూ త్యాగరాజు భార్య, నా మరదలు వెంకటరావమ్మకు, ఆమె పేరుమీదే. సంగతి తెలిసిన రోజు నా ముందుకొచ్చి ఏడ్చింది. ఆమె భర్త ఇంతవరకూ రాలేదు.

5. సుబ్బరావమ్మ కుట్టుమిషను బుడాన్ కూతురు ఖైరున్నీసాకు. దాని మీద ఆ పిల్లకు పావడాలు కుట్టేది.

6. ఈ కాగితాన్ని అదే గ్రేడింగు షెడ్డులో కూలీలందరి ముందు వకీలు గారు పెద్దగా చదవాలి. బతికుండగా నేనే చెప్పాలని రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ పొగాకు ధర అడిగి వచ్చేశాను.

పర్చూరు, 14 సెప్టెంబరు 1987

(సంతకం) మద్దినేని చెంచురామయ్య

సాక్షులు: బి. జ్ఞానప్రసూనాంబ, రిటైర్డు టీచరు
గౌస్ బాషా, పోస్టుమాన్