ఆరుగురికీ ఒకటో తారీఖే

ఉప్పల్‌లోని క్రీడాధికారి గారి సముఖమునకు,
నాచారం, 29వ తేదీ

అయ్యా,

విషయం: వచ్చే ఒకటో తేదీన జరుగు రాష్ట్ర పవర్‌లిఫ్టింగ్ ఎంపికల నుండి మా ఆరుగురు ఆడపిల్లల పేర్లు కొట్టివేయుట గురించి.

1. నేను, దోర్కా, నాచారంలో బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేయుచు, మూడేండ్లుగా మా బస్తీ జిమ్ములో బరువులు ఎత్తుచున్నాను. జూనియర్ విభాగంలో నాకిదే ఆఖరి ఏడాది.

2. మా కోచ్ బిక్షపతి గారు నెలసరిని బట్టి బరువులు పెంచి తగ్గించు పద్ధతిని ఫోనులో చూసి, ఆర్నెల్ల క్రితం మగపిల్లలందరి ముందు రిజిస్టరు తెరిచి, "మీ డేట్లు చెప్పున్రి, సిగ్గేంది, సైన్స్ గిది" అన్నారు. ముందు నిలబడిన సంతోషి నేల చూస్తూ, నోటికొచ్చిన జీతం తారీఖు చెప్పింది: "ఒకటో తారీఖు సార్." వెనుకనున్న మేమందరమూ అదే చెప్పితిమి. ఆయనకు అనుమానమైనా రాలేదు. "కలిసి ట్రైనింగ్ జేస్తే గట్లనే కలుస్తయి" అని రాసుకొన్నారు.

3. నాటి నుండి ప్రతినెలా ఒకటి నుండి అయిదు వరకు మాకు ఉత్త రాడ్డే. నిజంగా నొప్పి ఉన్న రోజుల్లో మాత్రం పెద్ద బరువులు. మాలో హన్నా తన రెండో రోజున ఎనభై కిలోలు భుజాల మీద పెట్టుకుని కూర్చుని, మళ్లీ లేవలేకపోయింది. అప్పుడైనా మేమెవ్వరమూ నిజం చెప్పలేదు. ఆ తప్పు పూర్తిగా మాదే.

4. ఎంపికలు ఒకటో తేదీనే పడినందున, ఆ రోజు మాకు పెద్ద బరువులు కూడవని కోచ్ గారు మా పేర్లు కొట్టివేసినారు. నిన్న ఆయనకు నిజం చెప్పితిమి. నమ్మలేదు. "పోటీ కోసం డేట్లు మారుస్తున్రా? మీ నడుములు ఇరిగితే నేనేం జెయ్యాలె?" అన్నారు. ఆయన చెడ్డవారు కారు సార్. ఆ మంచితనమే మా ప్రాణం తీస్తున్నది.

కావున రేపు సాయంత్రంలోగా మా పేర్లు తిరిగి చేర్చునట్లు ఉత్తర్వులిప్పించ ప్రార్థన. సమయం లేనందున వెంటనే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
దోర్కా

మరొక మాట: మిగతా అయిదుగురికి ఆ రోజు ఏమీ లేదు. నాకు మాత్రం ఈసారి నిజంగానే ఆ రోజే వచ్చేటట్లుంది. దాస్తే ఇంకో అబద్ధమైతదని రాస్తున్న. పోయిన నెల రెండో రోజు నూటపది కిలోలు లేపిన సార్, ఏడ్చుకుంటనే లేపిన, ఎవ్వరికీ చెప్పలే. నా ఒంటి సంగతి నాకు తెలుసు. ఒక్కసారి నన్ను రాడ్డు కాడికి రానియ్యున్రి. లేపలేకపోతే నా పేరు నేనే కొట్టేసుకుంట.