సరోజ అలసటకు నేను వేసిన సున్నాలు

ఆడి నెల 9, శుక్రవారం

రేపటికి ఈ తప్పు నాకే చిన్నదిగా కనిపిస్తుందేమోనని ఇప్పుడే రాస్తున్నాను. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయి, ఇప్పుడు కీమో నడుస్తున్న కోడలు సరోజ అలసటకు రోజూ సున్నా నుంచి పది దాకా అంకె వేయమని, పరిశోధన చేసే డాక్టరమ్మ ఫారం ఇచ్చింది. నేనే అడిగి నేనే నింపాను. మూడు వారాలూ ఆమె సున్నా అంది, నేను సున్నాలే వేశాను. ఈరోజు సరోజ గ్రైండర్ పక్కన కూర్చుండిపోయి లేవలేకపోయింది.

"నిజంగా ఎంత, చెప్పు."

"ఎనిమిది, అత్తా. మీ ముందర సోర్వుగా, అలుపుగా ఉందని ఎట్ల చెప్పేది? పగలు పడుకుంటే తిడతారు గదా!"

సోమవారం ఆ ఫారం చూసే తర్వాతి కీమో సంగతి తేలుస్తారు.

1. తెల్లారగానే డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఆ సున్నాలు సరోజవి కావు, నావని చెప్పాలి.
2. ఇకపై ఫారం సరోజే నింపాలి. అప్పుడు నేను గదిలో ఉండకూడదు.
3. పగలు ఆమె పడుకుంటే, తలుపు నేనే దగ్గరగా వేయాలి.