మంచివైపు కిందికి

చిరంజీవి బావమరిదికి,

బావ దీవెనలు. నీలాంటి వడ్రంగి బావమరిది ఉండగా నేనే రంపం పట్టడమేమిటని నీకు అనిపించవచ్చు. నువ్వొస్తే పని సగం, నాకు పెట్టే వంకలు సగం. అందుకే వంటింటి గట్టుకి లామినేట్ పలక నేనే కొన్నాను. పైన పాలరాయిలా మెరుస్తుంది, లోపలంతా చెక్కపొట్టు. పాత గట్టు పీకేశాను. ఇక పలకని పొడవుకి కోసి, కుడివైపు సింకుకి కన్నం పెట్టడమే. కరెంటు రంపం అద్దెకి తెచ్చాను. అంచు పెచ్చులూడకుండా ఎలా కొయ్యాలో రెండు ముక్కలు రాయి. నాకు తెలియక కాదు, నీ ముచ్చట తీరుతుందని.

నీ బావ

తా.క.: మీ అక్క గిన్నెలు స్నానాలగదిలో తోముతోంది. సంతోషంగానే ఉన్నట్టుంది, ఏమీ మాట్లాడటం లేదు.

---

బావగారికి నమస్కారాలు.

గట్టు పీకేశాక సలహా అడిగారు. మీ ముందుచూపుకి జోహార్లు. సన్న పళ్ళ బ్లేడు వెయ్యండి. కోసే గీత పొడవునా టేపు వెయ్యండి. మీ రంపం కిందినుంచి పైకి కొరుకుతుంది కాబట్టి పలక మంచివైపు కిందికి తిప్పి కొయ్యండి. తెగే ముక్కని ఎవరైనా పట్టుకోవాలి. లేకపోతే చివర్లో అది తన బరువుకే విరిగి అంచుని లాక్కుపోతుంది.

మీ బావమరిది

తా.క.: అక్క మాట్లాడటం లేదంటే సంతోషంగా ఉందని కాదు. ఆవిడతో కలిసి పెరిగినవాణ్ణి చెబుతున్నాను.

---

బావమరిదికి,

దీవెనలు ఈసారికి ఆపుతున్నాను. నువ్వు చెప్పినట్టే గీత పొడవునా టేపు వేశాను. మంచి ఇనప టేపు, అంకెలన్నీ స్పష్టంగా ఉండేది. రంపం ఆనించగానే నిప్పురవ్వలు! టేపు రెండు ముక్కలు, బ్లేడుకి పళ్ళు లేవు. కొలతల టేపుని కోయించే వడ్రంగిని నిన్నొక్కణ్ణే చూశాను.

కొత్త బ్లేడు వేసి, పలక బోర్లించి, కుడివైపు కొలుచుకుని కన్నం కోశాను. పెచ్చు ఒక్కటి ఊడలేదు. తీరా తిప్పి గోడకి ఆనిస్తే కన్నం ఎడమవైపు, పొయ్యి ఉండాల్సిన చోట! కుళాయి మాత్రం కుడివైపే ఉంది. తిప్పితే నీళ్ళు పలక మీదుగా తీరిగ్గా నడిచొచ్చి నా చెప్పుల్లో దిగుతున్నాయి.

ఇట్లు,
నీ మాట విన్న బావ

తా.క.: ఆ రంగు పలక షాపులో ఇంకొక్కటే మిగిలిందట. తెచ్చాను. మీ అక్క దాన్ని పడగ్గదిలో పెట్టి తాళం వేసింది.

---

బావగారికి,

తప్పు నాదే. మీకు రాస్తున్న సంగతి మర్చిపోయి, పని తెలిసినవాడికి రాసినట్టు రాశాను. నేను చెప్పింది అతికించే కాగితం టేపు. ఇక పలక బోర్లిస్తే కుడి ఎడమవుతుంది. చొక్కా తిరగేసి వేసుకుని జేబు ఎటుందో చూసుకోండి. సింకు కన్నానికి ముందు నాలుగు మూలలా గుండ్రంగా బెజ్జాలు వేసి, బెజ్జం నుంచి బెజ్జానికి కొయ్యాలి. మూల చదరంగా కోస్తే అక్కడే పగులుతుంది. కోసిన అంచుకి నీళ్ళు తగలని మందు పూయాలి, లేకపోతే లోపలి పొట్టు ఉబ్బుతుంది. ఇవన్నీ తెలుసుకోండి, కానీ దయచేసి చెయ్యకండి.

మీ బావమరిది

తా.క.: మొదటి పలక పారెయ్యకండి. ఎడమవైపు కుళాయి ఉన్నవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉండకపోరు.

---

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నీ ఉత్తరం ఈసారి ముందు నా చేతికి వచ్చింది. మీ బావ ఆఫీసుకి వెళ్ళగానే తాళం తీశాను. కాగితం టేపు అంటించి, బోర్లించిన పలక మీద కుడికి ఎడమని, ఎడమకి కుడి అని రాసుకుని, మూలల్లో బెజ్జాలు వేసి కోశాను. ముక్కని పక్కింటావిడ పట్టుకుంది. పెచ్చు లేదు, పగులు లేదు. అంచుకి మందు పూసి సింకు కూడా కూర్చోబెట్టాను. సాయంత్రం మీ బావ చూసి, "మొదటి పలక మీద నేను పడ్డ కష్టం ఇప్పుడు కలిసొచ్చింది," అన్నారు. "అవునండీ," అన్నాను. అంతకంటే మర్యాదగల మాట దొరకలేదు.

ఇక అసలు సంగతి. ఈ కథంతా మరదలికి రాస్తే జవాబొచ్చింది. మీ వంటింటి పలక ఆరేళ్ళుగా తలుపు వెనకే నిలబడి ఉందటగా! ఆ పిల్ల రెండు డబ్బాల మీద చెక్క వేసుకుని కూరలు తరుగుతోందట. ఊరందరి గట్లూ కోసే చేతికి ఇల్లు కనబడలేదు పాపం! ఆదివారం రంపం పట్టుకుని వస్తున్నాను.

అక్క

తా.క.: నువ్వు ఇంట్లో ఉండక్కర్లేదురా. మరదలు కూడా అదే మాట రాసింది.